పడుకునే అటెన్షన్

ఆ రోజు మేజరమ్మ ఇంట్లో తెల్లారుతూనే మొదటి ఫిర్యాదు ఆవిడ భర్త కాలివేళ్ళ దగ్గర మొదలైంది.

"నువ్వు పరిచిన పక్కలో కాలు కదపాలంటే పైవాళ్ళకి అర్జీ పెట్టుకోవాలోయ్," అన్నాడాయన మంచం అంచున కూర్చుని పాదాలు పిసుక్కుంటూ. "రాత్రంతా నా వేళ్ళు వంగిపోయే పడుకున్నాయి. ఇది మంచమా, కవరా?"

"దుప్పటి బిగుతుగా ఉంటేనే నిద్ర పడుతుందండీ," అందావిడ అద్దం ముందు నిలబడి, జడ ముడిలోకి పిన్నులు గుచ్చుతూ.

"నీకు పడుతుంది. గడియారంలో మర బిగించాల్సిందే, నేను కాదన్నానా? మరీ బిగిస్తే మాత్రం చక్రం ఆడదు. చూసినవాళ్ళు చచ్చిపోయిందనుకుంటారు. చావదు పాపం, కదలడానికి చోటుండదంతే."

"ఇవాళ జనరల్‌గారు తనిఖీకొస్తున్నారు. మీ గడియారాల పురాణం సాయంత్రం వింటాను."

"ముప్పై ఏళ్ళ నుంచీ ఆ సాయంత్రం కోసమే చూస్తున్నాను మేజరుగారూ," అని ఆయన చెప్పుల కోసం మంచం కింద కాలు పెట్టాడు.

ఆయన గడియారాలు బాగుచేస్తాడు. పెళ్ళికి ముందే ఆవిడ చెప్పేసింది, నా ఉద్యోగం ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోతాను, వెనకాల వచ్చేవాడైతేనే తాళి కట్టించుకుంటాను అని. ఆయన పనిముట్లన్నీ ఒక బుల్లిపెట్టెలో పడతాయి. చెయ్యి ఆడినంత చోటూ కిటికీలోంచి వెలుతురూ ఉంటే చాలు, ఆయన దుకాణం తెరుచుకున్నట్టే. అలా ఇసుకలోకి ఒకసారి, మంచులోకి ఒకసారి, పేరుకే ఊరు అనిపించే చోట్లకి చాలాసార్లు, ఆవిడ ట్రంకుపెట్టె ముందూ ఆయన బుల్లిపెట్టె వెనకా ప్రయాణం చేశాయి. నెలాఖరుకి ఆ ప్రయాణాలు అయిపోతాయి. సైన్యంలో నర్సుగా చేరి మేజరైన మేజరమ్మ రిటైరవుతోంది. ఈ తనిఖీయే ఆఖరు తనిఖీ. మంచి వార్డుకిచ్చే షీల్డు ఈసారి కూడా తన వార్డుకే రావాలని ఆవిడ పట్టుదల. దాన్ని గోడకి తగిలించి, దానికింద నుంచి నడుచుకుంటూ బయటికి పోవాలని ఆవిడకెంత ఆశో చెప్పలేం.

ఆ షీల్డు ఆవిడకి ఊరికే రాలేదు. సైనికాసుపత్రుల్లో మేజరమ్మ దుప్పట్లంటే ఒక కథ. తెల్లటి పై దుప్పటిని మంచం కాళ్ళవైపు పరుపు కిందికి దోపి, మూలలు కవరు మడతలా మడిచి లాగితే, డప్పు మీద చర్మంలా మోగాల్సిందే. కొత్తగా వచ్చిన నర్సులు దాన్ని చూసి దడుచుకునేవారు. ఇది ఒట్టి డాబు అనుకుంటే మాత్రం పొరపాటు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, గుడారాల్లో పెట్టిన ఆసుపత్రిలో, బురదతో రక్తంతో వచ్చి పడ్డ మనుషుల్ని ఆవిడ చూసింది. మందు పనిచెయ్యకముందే వాళ్ళ మొహాల్లో భయాన్ని తీసేది ఒకటుండేది. శుభ్రమైన దుప్పటి ఒంటిని గట్టిగా పట్టుకోవడం. అమ్మ పొత్తిళ్ళలో చుట్టినట్టు ఉందని ఒకతను ఏడ్చాడు కూడా. ఆ రోజు నుంచీ ఆవిడ చేతిలో దుప్పటి వదులు కాలేదు.

వార్డులో అడుగుపెట్టేసరికి అందరూ హడావుడిగా ఉన్నారు. నేల మొహం చూసుకోవచ్చన్నట్టు మెరుస్తోంది. మంచినీళ్ళ గ్లాసులన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. తలుపు పక్క మంచంలో డ్రిల్లు మాస్టారు ఉన్నాడు. కుడికాలికి తొడదాకా పిండికట్టు, ఆ కట్టుని కప్పీ తాడుతో పైకి వేలాడదీశారు. కొత్తగా చేరిన రంగరూట్లకి కవాతు నేర్పడం ఆయన పని. నేర్పుతూ నేర్పుతూ వెనక్కి నడిచి గోతిలో పడ్డాడు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది, అందుకే అందరూ రోజూ ఎత్తుతారు. ఆయన గొంతు సంగతి వేరే చెప్పాలి. మంచినీళ్ళడిగినా మైదానం దద్దరిల్లేది.

కిటికీ పక్క ఆఖరి మంచం పొడుగోడిది. అసలు పేరు కాగితాల్లో ఉంది, మనిషి మాత్రం పొడుగోడే. వాలీబాల్ నెట్టు దగ్గర నిలబడితే ఎగరక్కర్లేదని వాడి జట్టువాళ్ళు చెప్పుకునేవారు. కొండదారిలో ట్రక్కు బోల్తాపడి వెన్నెముకకి దెబ్బ తగిలింది. అప్పట్నుంచీ నడుము కింద ఏమీ లేదు. స్పర్శ లేదు, కదలిక లేదు. మొదట్లో జోకులేసేవాడు. తరవాత అవీ మానేశాడు.

ఇవాళే వాడి ప్రయాణం. తనిఖీ అయిపోగానే అంబులెన్సు వ్యాను వస్తుంది. అది వెళ్ళడానికి రెండు దారులున్నాయి. ఒకటి వెన్నెముక కేంద్రం. అక్కడ ఆపరేషన్లు చేస్తారు, కమ్మీలు పట్టుకుని నిలబడ్డం నేర్పుతారు. కానీ మంచాలు తక్కువ, కొంచెమైనా ఆశ ఉన్నవాళ్ళకే చోటు. రెండోది విశ్రాంతి గృహం. మంచి తోట, మంచి భోజనం, చక్రాల కుర్చీ. అక్కడికి వెళ్ళినవాళ్ళని నడిపించే ప్రయత్నం మరెవరూ చెయ్యరు. పొడుగోణ్ణి పంపేది రెండోదానికే.

"నాకు మాత్రం సరదానా అమ్మా?" అన్నాడు ముందురోజు కర్నల్ డాక్టరు. ఆసుపత్రిలో వెన్నెముకలు చూసేది ఆయనే. "ఒక్క బొటనవేలు, ఒక్కటంటే ఒక్కటి, వాడి మాట విని కదిలితే చాలు, నేను వాళ్ళ కాళ్ళ మీద పడైనా కేంద్రంలో మంచం ఇప్పిస్తాను. కదలందే ఏం రాయను?"

ఆ మాట గురించి ఆలోచించకుండా ఉండాలంటే మేజరమ్మ దుప్పట్లు బిగించాలి. ఇవాళ ఆవిడ అదే పనిలో పడింది.

అక్కడే పేచీ వచ్చింది. తనిఖీ కోసమని స్టోర్సు వాళ్ళు కొత్త దుప్పట్లు పంపారు. తెల్లగా, పెళపెళలాడుతూ బాగానే ఉన్నాయి గానీ జానెడు పొట్టి. మిగతావాళ్ళకి ఎలాగో సరిపెట్టింది. పొడుగోడి దగ్గరికొచ్చేసరికి, ఛాతీ మీదికి లాగితే కాళ్ళు బయటపడుతున్నాయి, కాళ్ళు కప్పితే ఛాతీ బయటపడుతోంది.

"నిన్నెవర్రా ఇంత పొడుగు పెరగమన్నారు?" అంది కోపంగా.

"మా అమ్మనడగండి మేడమ్," అన్నాడు వాడు పైకప్పు చూస్తూ. నవ్వలేదు.

"మేడమ్, ఒకసారి రిహార్సలు చేసుకుందామా?" అని అవతలి చివర నుంచి కేకేశాడు డ్రిల్లు మాస్టారు. తనిఖీలో ఆజ్ఞ ఇచ్చే పని ఆయన తనంతట తానే నెత్తిన వేసుకున్నాడు.

సైనికాసుపత్రిలో ఒక ఆచారం ఉంది. పెద్ద అధికారి వార్డులోకి వస్తే లేవగలిగినవాళ్ళు మంచం పక్కన నిలబడి అటెన్షన్‌లోకి రావాలి. లేవలేనివాళ్ళు పడుకునే అటెన్షన్‌లోకి రావాలి. అంటే చేతులు ఒంటికి ఆనించి, మడమలు కలిపి, కళ్ళు పైకప్పుకి అంటించి, స్టాండటీజ్ అని వదిలేదాకా కొయ్యబారిపోవడం. రోజూ డాక్టర్ల రౌండుకీ అదే తంతు. బయటివాళ్ళు చూస్తే నవ్వుతారు. వార్డులో ఎవరూ నవ్వరు, ఎందుకంటే ఒంట్లో ఏ భాగం విరిగినా సిపాయి సిపాయే అని చెప్పేది ఆ ఒక్క క్షణమే.

"కానివ్వండి మాస్టారూ," అంది మేజరమ్మ. పొడుగోడి మంచం కాళ్ళవైపు మోకాళ్ళ మీద కూర్చుని, దుప్పటి అంచుని పళ్ళ బిగువున లాగుతోంది. ఆ లాగుడికి అది కాస్తా జారి ఆవిడ ఒళ్ళో పడింది. పొడుగోడి పాదాలు రెండూ, పడవల్లాంటివి, ఆవిడ ముక్కుకి ఎదురుగా బయటపడ్డాయి. ఎప్పటిలాగే చెరోవైపు వాలిపోయి ఉన్నాయి.

"వార్డ్... అటెన్... షన్!"

కిటికీ అద్దాలు గలగలమన్నాయి. పొడుగోడి కుడి బొటనవేలు నిక్కింది. ఆ పాదం ఎడమ పాదం వైపు కొంచెం, చాలా కొంచెం ఒరిగింది. అక్కడే ఆగింది.

మేజరమ్మ ఆ వేలికేసి ఇంకా దగ్గరగా వంగింది.

"స్టాండటీజ్!"

పాదం మళ్ళీ పక్కకి వాలిపోయింది.

గుడారాల్లో బాంబుల చప్పుడు విని కూడా సూది తప్పని మనిషికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. లేచి నిలబడింది. కూర్చుంది. మళ్ళీ లేచింది. "ఒరేయ్!" అంది.

"ఏమైంది మేడమ్?"

"నీ కాలు! నీ కాలు కదిలిందిరా నాయనా!"

వార్డంతా ఒక్కసారి హోరెత్తిపోయింది. ఊతకర్రలవాళ్ళు కర్రలేసుకుని వచ్చారు, చేతికి కట్టున్నవాళ్ళు పరిగెత్తుకొచ్చారు, డ్రిల్లు మాస్టారు కప్పీ తాడుకి వేలాడుతూ "నాకు కనపడ్డం లేదు, ఎవరైనా చెప్పి చావండయ్యా!" అని అరుస్తున్నాడు. పొడుగోడు మాత్రం మేజరమ్మ మొహంలోకి చూసి మెల్లగా తల తిప్పేసుకున్నాడు.

"నా కాళ్ళ గురించి నాకు చెప్పకండి మేడమ్. నేను వాటితో రోజంతా మాట్లాడుతూనే ఉన్నాను. పలకడం లేదు."

"నువ్వు మాట్లాడితే పలకవేమో. ఉండు, ఇప్పుడే వస్తాను," అని మేజరమ్మ పరుగందుకుంది. మేజర్లు పరిగెత్తకూడదు. ఏదైనా ముంచుకొచ్చినప్పుడు కూడా వేగంగా నడవాలని ఆవిడే పాఠాలు చెప్పేది. ఆ వరండాలో ఆవిడ పరుగు చూసి ఊడ్చే ఆయన చీపురు పట్టుకుని గోడకి అంటుకుపోయాడు.

కర్నల్ డాక్టరు తనిఖీ కోసం కొత్త యూనిఫాం వేసుకుని, బొత్తాము పట్టక అవస్థపడుతున్నాడు. ఆవిడ చెప్పింది విన్నాడు. బొత్తాము వదిలేసి బయల్దేరాడు. అది ఆయన మంచితనం. మంచం దగ్గర నిలబడి దుప్పటి పూర్తిగా తీసేశాడు.

"ఏదీ నాయనా, బొటనవేలు కదుపు."

పొడుగోడు పళ్ళు బిగించాడు. మెడ నరాలు తేలాయి, మొహం ఎర్రబడింది, మంచం కమ్మీలు పట్టుకున్న చేతులు వణికాయి. ఒళ్ళంతా బలం పెట్టాడు, పాదాలు తప్ప అన్నీ కదిలాయి.

"మళ్ళీ."

ఈసారీ అంతే. చెమట ధారలు కట్టింది.

"చాలు నాన్నా, చాలు," అని డాక్టరు వాడి భుజం తట్టి, మేజరమ్మని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. "మీరు చూశారు, కాదనను. తెగిన కరెంటు తీగ కూడా అప్పుడప్పుడూ రవ్వలు రాలుస్తుందమ్మా. కండరం దానంతటది ఎగురుతుంది. అది వాడి మాట విని కదిలింది కాదు."

"మాట విని కదిలింది సర్. వాడి మాట కాదు, మాస్టారి మాట. ఆర్డరు విని లేచింది, ఆర్డరు విని పడింది."

డాక్టరు ఆగాడు. ఆయన కళ్ళలో ఏదో మెరిసింది కూడా. సరిగ్గా అప్పుడే బయటినుంచి కబురొచ్చింది, జనరల్‌గారి కారు గేటు దాటిందని. "నేను స్వాగతానికి వెళ్ళాలి. తనిఖీ అయ్యాక చూద్దాం," అంటూ ఆయన బొత్తాము వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు. అయ్యాక ఏముంటుంది? వ్యాను వచ్చేసి ఉంటుంది. కిటికీలోంచి చూస్తే దాని డ్రైవరు అప్పుడే తలుపులు తెరిచి స్ట్రెచరుకి చోటు సర్దుతున్నాడు.

మేజరమ్మ మంచం పక్కన నిలబడిపోయింది. ఇందాక ఒళ్ళో జారిపడ్డ ఆ దుప్పటినే, డాక్టరు తీసేసి పక్కన పెట్టినదాన్ని, చేతిలోకి తీసుకుంది. పొట్టిది కాబట్టి జారింది. నిన్నటిది పొట్టిది కాదు. మొన్నటిదీ కాదు. రోజూ రౌండులో అటెన్షన్ అంటూనే ఉన్నారు. రోజూ వీడు ఈ డప్పు దుప్పటి కింద పడుకునే ఉన్నాడు. ఈగ వాలినా వంగేంత బలహీనమైన ఆ వేలు, ఎన్ని రోజుల నుంచి లేవాలని చూస్తోందో! తన చేత్తో తానే దాన్ని నొక్కిపెట్టి, మూలలు మడిచి, పైగా మురిసిపోయింది. చచ్చిపోయిందనుకుంటారు, చావదు పాపం, అని పొద్దున ఆయన అన్న మాట చెవిలో జోరీగలా మొదలైంది. ఆవిడకి ఏడుపొచ్చింది. ఏడవడానికి వేళ కాదు గనక కోపంగా మార్చుకుంది.

"మాస్టారూ!"

"మేడమ్!"

"ఇవాళ మీ గొంతు నాకు కావాలి. చిన్నప్పట్నుంచీ తాగిన పాలన్నీ బయటికి రావాలి."

"కాలు విరిగింది గానీ గొంతు విరగలేదు మేడమ్. గోతిలో పడ్డప్పుడు కూడా..."

"గోతి కథ తరవాత చెబుదురు గాని."

ఆవిడ పొడుగోడి వైపు తిరిగి, చేతిలో దుప్పటిని వాడి మోకాళ్ళ దాకా మాత్రమే కప్పి, మిగతాది మడిచేసింది. బోసి కాళ్ళు. తళతళలాడే వార్డులో, తెల్లటి మంచాల వరస చివర, రెండు పెద్ద పాదాలు బయటికి చాపుకుని కనిపించాయి. తనిఖీలో ఇంతకంటే పెద్ద నేరం లేదు. ఆ షీల్డు మీద ఆశ అప్పుడే కిటికీలోంచి ఎగిరిపోయింది, ఆవిడ దానివైపు తల తిప్పి కూడా చూడలేదు.

"విను నాన్నా," అంది వంగి. "ఇందాక డాక్టరుగారు కదపమంటే నువ్వు కుస్తీ పట్టావు. ఇప్పుడు నువ్వేమీ చెయ్యకు. కదపాలని అనుకోకు. రోజూ లాగే కళ్ళు పైకి పెట్టి, మాస్టారి ఆర్డరు విను. అంతే."

"కదలకపోతే మేడమ్?"

"కదలకపోతే నేను తిట్లు తింటాను, నువ్వు తోటలో కూర్చుంటావు. ఇప్పుడున్నదానికంటే తక్కువేం కాదుగా?"

వాడు చాలా రోజుల తరవాత ఆవిడ కళ్ళలోకి చూశాడు. "భయంగా ఉంది," అన్నాడు.

"నాకూ ఉందిరా," అంది మేజరమ్మ. అది నిజం.

బూట్ల చప్పుడు వరండాలో దగ్గరపడింది. జనరల్‌గారు మనిషి పొట్టి, నడక పెద్దది. వెనక కర్నల్ డాక్టరు, ఆయన వెనక పరివారం. గుమ్మంలో కాలు పెట్టగానే డ్రిల్లు మాస్టారు అన్నమాట నిలబెట్టుకున్నాడు.

"వార్డ్... అటెన్... షన్!"

చప్పుడుకి జనరల్‌గారే ఒక అడుగు వెనక్కి వేశారు. వార్డంతా కొయ్యబారింది. మేజరమ్మ చూపు పాదాల మీదే ఉంది. వేలు లేచింది! కానీ డాక్టరు చూడలేదు. ఆయన జనరల్‌గారి వైపు తిరిగి, చెయ్యి చాపి దారి చూపిస్తున్నాడు. ఆవిడకి అరవాలనిపించింది. అటెన్షన్‌లో ఉన్న మేజరు అరవకూడదు.

జనరల్‌గారు ఒక్కో మంచమే చూస్తూ వస్తున్నారు. ఒకరి గాయం అడిగారు, ఒకరి ఊరు అడిగారు, దుప్పటి మీద వేలితో కొట్టి చూసి తల పంకించారు. ఆయన నడక ఎంత పెద్దదైనా ఆ వార్డు అంత పొడుగని మేజరమ్మకి అంతకుముందెప్పుడూ తెలియలేదు. ఆఖరికి ఆయన ఆఖరి మంచం దగ్గర ఆగారు. బోసి పాదాలవైపు చూశారు. పరివారంలో ఎవరో దగ్గారు.

"ఇదేంటి మేజర్?"

"పాదాలు సర్."

"అవి పాదాలని నాకూ తెలుస్తోంది. బయటెందుకున్నాయి?"

"ఇవి కదలవని రాశారు సర్. కదులుతాయి. నేను చూశాను. కర్నల్‌గారు కూడా చూడాలి. ఒక్క నిమిషం ఇప్పించండి సర్, తరవాత మీ ఇష్టం."

జనరల్‌గారు కర్నల్ డాక్టరువైపు చూశారు. డాక్టరు అప్పటికే టోపీ తీసి చంకలో పెట్టుకుని మంచం కాళ్ళవైపు వంగాడు. "ఇప్పించండి సర్," అన్నాడు ఆయన కూడా. "నాకూ చూడాలనుంది."

"ఎవరి ఆర్డరు మీద కదులుతాయి?"

"డ్రిల్లు మాస్టారి ఆర్డరు మీద సర్."

"నా ఆర్డరు మీద కదలవా?" అన్నారు జనరల్‌గారు, కొంచెం నొచ్చుకున్నట్టు.

"రంగరూటుగా ఉన్నప్పుడు మాకు ఆయనే దేవుడు సర్," అన్నాడు పొడుగోడు పైకప్పు చూస్తూనే. జనరల్‌గారి మీసం కదిలింది. ఆయనా ఒకప్పుడు రంగరూటే.

"మాస్టారూ, కానివ్వండి!" అన్నారాయన తలుపు వైపు తిరిగి.

"స్టాండటీజ్!"

వేలు దిగింది. పాదం పక్కకి వాలింది.

"అటెన్... షన్!"

వేలు లేచింది. పాదం లోపలికి ఒరిగింది.

పరివారంలో గుసగుస లేచింది. డాక్టరు చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. "ఇంకా కాదు. దానంతటది ఎగిరే కండరానికి ఆర్డరుతో పనుండదు, ఊరికే ఉన్నా ఎగురుతుంది. మాస్టారూ, ఇప్పుడు నేను వేలు చూపించేదాకా మాట్లాడకండి. దగ్గొచ్చినా మింగండి."

"స్టాండటీజ్," అని, మాస్టారు నోరు మూసుకున్నాడు.

వార్డు నిశ్శబ్దమైపోయింది. కిటికీ బయట వ్యాను డ్రైవరు ఏదో ఈల వేస్తున్నాడు, అది తప్ప ఏమీ వినపడలేదు. పాదాలు కదలకుండా ఉన్నాయి. డాక్టరు చూస్తున్నాడు, జనరల్‌గారు నడుం వంచి చూస్తున్నారు, ఊతకర్రలవాళ్ళు అటెన్షన్ సంగతి మర్చిపోయి మెడలు చాచి చూస్తున్నారు. పాదాలు కదల్లేదు. మాస్టారి మొహం గుమ్మడిపండంత ఉబ్బింది. ఆయన జన్మలో అంతసేపు నోరు మూసుకున్నది అదే మొదటిసారేమో.

డాక్టరు వీపు వెనక వేలెత్తాడు.

"అటెన్... షన్!"

బొటనవేలు నిక్కి నిలబడింది.

"విన్నాడు!" అని కర్నల్ డాక్టరు చిన్నపిల్లాడిలా అరిచాడు. "కాలు విన్నది సర్! తీగ తెగలేదు. నలిగింది, వాచింది, తెగలేదు!"

ఆ తరవాత వార్డులో జరిగిందాన్ని తనిఖీ అనడానికి వీల్లేదు. ఊతకర్రలు నేలమీద టకటకలాడాయి, గ్లాసులు చెంచాలతో మోగాయి, డ్రిల్లు మాస్టారు ఆపకుండా అటెన్షన్, స్టాండటీజ్ అని కేకలు పెడుతూనే ఉన్నాడు, పొడుగోడి వేలు అలిసిపోయి మానేసేదాకా. జనరల్‌గారు ఎవరితోనో చేతులు కలిపారు. చూస్తే అది వార్డు ఊడ్చే ఆయన. పొడుగోడు మాత్రం రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. మేజరమ్మ వాడి తల నిమురుతూ నిలబడింది. ఆవిడా ఏడ్చేసింది, ఇప్పుడు దాన్ని దేనిగానూ మార్చుకోవాల్సిన పని లేకపోయింది.

"నడుస్తాడని నేననలేదమ్మా," అన్నాడు కర్నల్ డాక్టరు కళ్ళద్దాలు తుడుచుకుంటూ. "ప్రయత్నించే చోటికి వెళ్తాడు అంటున్నాను."

"నాకు అంతే చాలు సర్."

"నాకు రోజూ రౌండులో కనపడాల్సింది. ఎలా తప్పిపోయింది?"

"నా దుప్పటి కింద ఉంది సర్," అంది మేజరమ్మ. డాక్టరుకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ఆవిడ చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి, వెన్నెముక కేంద్రానికి ఫోను చెయ్యడానికి పరిగెత్తాడు. కర్నళ్ళు కూడా పరిగెత్తకూడదు.

వెళ్ళబోతూ జనరల్‌గారు ఆవిడ ముందు ఆగారు. "మేజర్, తనిఖీ రూలు ప్రకారం ఈ వార్డులో ఒక మంచం సరిగ్గా లేదు. షీల్డు ఇవ్వడం కుదరదు."

"అవును సర్. ఇవ్వకూడదు," అంది ఆవిడ. జనరల్‌గారు తనే ముందు సెల్యూట్ చేశారు. ఆవిడ అవాక్కయి, చెయ్యెత్తడానికి కొంచెం ఆలస్యం చేసింది. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆవిడ సెల్యూట్ ఆలస్యమవడం అదొక్కసారే.

వ్యాను దగ్గర డ్రైవరు దారి మార్చుకోవాలని విని, "నాకేం, ఇటైనా అటైనా రోడ్డేగా," అన్నాడు. స్ట్రెచరు వాళ్ళు పొడుగోణ్ణి ఎత్తి లోపలికి జరిపి, దుప్పటి కప్పారు. మంచి పనివాళ్ళు. పాదాల దగ్గర అంచులు దోపి, లాగి బిగించారు.

"ఆగండి ఆగండి," అని మేజరమ్మ వ్యాను లోపలికి ఎక్కేసింది. తన చేత్తో ఆ అంచుని బయటికి లాగి, పాదాల చుట్టూ గుప్పెడు చోటు వదిలింది. "ఇక్కడ బిగించకండి నాయనా. దారంతా చూసుకోండి. ఇతను కాళ్ళు కదుపుతాడు."

ఆ మాట తన నోటినుంచే వచ్చినా, మొదటిసారి విన్నట్టు ఆవిడకి ఒళ్ళు జలదరించింది. పొడుగోడు నవ్వాడు. ఆ నవ్వు ఎలా ఉంటుందో ఆసుపత్రిలో అందరూ మర్చిపోయారు.

"మా అమ్మకి ఏమని చెప్పమంటారు మేడమ్?"

"ఇంకొంచెం పొడుగు కనుంటే దుప్పటి ఇంకా ముందే జారేదని చెప్పు," అంది. వాడు పకపకా నవ్వాడు. ఆవిడ కిందికి దిగింది. తలుపులు మూయబోతున్నారు. వార్డు అక్కడికి చాలా దూరం. డ్రిల్లు మాస్టారి గొంతు ఎంతటిదైనా అక్కడిదాకా రాదు. ఆర్డరు ఇచ్చేవాళ్ళు ఎవరూ లేరు.

పొడుగోడు మేజరమ్మ వైపు చూశాడు. నవ్వు ఆపాడు. చేతులు ఒంటికి ఆనించి, కళ్ళు వ్యాను పైకప్పుకి అంటించాడు.

వదులు దుప్పటి కింద, కుడిపాదం దగ్గర, బట్ట కొంచెం పైకి లేచింది. అది దిగలేదు, తలుపులు మూసేదాకా అలాగే నిలబడి ఉంది.